కుర్చీలు బాగున్నాయి

హో పట్నంలో నీళ్ళ మీటర్లు చదివే సెన్యో కుమోర్జీకి మధ్యాహ్నం భోజనం ఎక్కడో ఏ రోజూ ముందుగా తెలియదు. పన్నెండయ్యేసరికి ఏ వీధిలో ఉంటే ఆ వీధిలో, ఏ హోటలు దగ్గరైతే ఆ హోటల్లో తినేవాడు. తిన్నాక, మళ్ళీ మోటారు సైకిలు ఎక్కేలోపు, తిన్న చోటు గురించి ఫోనులో నాలుగు ముక్కలు రాసి, పళ్ళెం ఫోటో ఒకటి తగిలించి ఫేస్‌బుక్కులో పెట్టేవాడు. మొదట్లో వాటిని అతని చెల్లెలు చదివేది. తరవాత ఆసుపత్రి వాళ్ళు, కాలేజీ పంతుళ్ళు, లారీ డ్రైవర్లు చదవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి హోలో బయట తిందామనుకున్నవాడెవడైనా సెన్యో ఏం రాశాడో చూసుకుని గానీ చెప్పుల్లో కాలు పెట్టని పరిస్థితి వచ్చింది.

సెన్యో ఎవరి గురించీ చెడ్డగా రాసేవాడు కాదు. అది మంచితనమని ఊళ్ళో అనుకునేవారు. కుక్కల భయమని అతని భార్య జిగ్‌బోర్డి అనేది. ఆమె మాటలోనే నిజం పాలు ఎక్కువ. మీటర్లు చదివేవాడు ప్రతి ఇంటి గేటూ తీసుకుని లోపలికి వెళ్ళాలి. కొత్తలో ఒకసారి, ఒకావిడ హోటల్లో కోడి సూపు తిని, ఉప్పు ఒక పిసరు ఎక్కువైందని రాశాడు. ఆ నెల ఆవిడ ఇంటికి వెళ్తే, ఎప్పుడూ కట్టేసి ఉండే కుక్క కట్టేసి లేదు. "అయ్యో, తాడు తెగినట్టుందే," అంది ఆవిడ వరండాలోంచి కదలకుండా. ప్యాంటు పోయింది, పిక్క మీద మచ్చ మిగిలింది. ఆ తరవాత సెన్యో ఉప్పు జోలికి వెళ్ళలేదు.

అయితే తిన్నవాడు ఏదో ఒకటి రాయాలి కదా. తిండి బాగుంటే తిండి గురించి రాసేవాడు. బాగాలేకపోతే తిండి తప్ప మిగతావన్నీ రాసేవాడు. 'చేతులు కడుక్కునే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి' అని రాస్తే, చేప నిన్నటిదని ఊరు అర్థం చేసుకునేది. 'యజమానురాలు చర్చిలో బాగా పాడుతుంది' అంటే అసలా వీధిలోకే వెళ్ళొద్దని. ఈ భాష ఎవరూ ఎవరికీ నేర్పలేదు. హోలో పెరిగిన వాళ్ళకి మొహమాటం పుట్టుకతోనే వస్తుంది కాబట్టి, ఎదుటివాడి మొహమాటాన్ని చదవడం కూడా దాంతోపాటే వచ్చేసింది.

అరబా క్వాన్సా ఆ ఊరి మనిషి కాదు. సముద్రం ఒడ్డున టకొరాడీలో పుట్టిన ఫాంటీ తెగ మనిషి. అక్కడి ఓడరేవు క్యాంటీనులో సగం జీవితం వండింది. క్యాంటీను మూతపడ్డాక, ఉబ్బసానికి కొండగాలి మంచిదని ఎవరో చెబితే, మూటాముల్లె సర్దుకుని హోకి వచ్చి, పాత లారీ స్టాండు దారిలో హోటలు తెరిచింది. క్యాంటీను కుర్చీల్ని కూడా లారీలో వేయించుకుని తెచ్చింది. బరువైన చెక్క కుర్చీలు, వీపు దగ్గర పేము అల్లిక. మిగతా హోటళ్ళలో బల్లలూ, ప్లాస్టిక్ స్టూళ్ళే.

తెరిచిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం సెన్యో ఆ దారిలో తేలాడు. అక్‌ప్లే, బెండకాయ సూపు చెప్పాడు. అక్‌ప్లే అంటే మొక్కజొన్న పిండీ కర్రపెండలం పిండీ కలిపి తెడ్డుతో తిప్పి చేసే ముద్ద. ఆ ఊరి పిల్లలు పళ్ళు రాకముందే దానికి అలవాటు పడతారు. వేళ్ళతో తుంచితే మెత్తగా విడిపోవాలి, సూపులో ముంచితే గొంతులోకి దానంతటదే జారాలి. అరబా తెచ్చిపెట్టిన ముద్దని తుంచితే లోపల పొడిపిండి ఉండలు ఉండలుగా కనిపించింది. సూపులో బెండకాయ ఉంది, జిగురు లేదు. జిగురు లేకుండా బెండకాయని ఎలా ఉడికించారో సెన్యోకి అంతుపట్టలేదు.

అరబా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎలా ఉందండీ?"

సెన్యో నోట్లో ఉన్నది మింగాడు. మింగడానికి కాస్త సమయం పట్టింది. ఆ సమయంలో చుట్టూ చూశాడు.

"కుర్చీలు చాలా బాగున్నాయమ్మా," అన్నాడు.

అరబా మొహం వెలిగిపోయింది. "అందరూ కూర్చుంటారే గానీ ఒక్కరూ చెప్పరండీ. ఆ పేము దగ్గరుండి అల్లించాను."

ఆ రోజు సెన్యో ఇలా రాశాడు: 'పాత లారీ స్టాండు దారిలో కొత్త హోటలు. కుర్చీలు బాగున్నాయి. వీపుకి హాయిగా ఉంది. గాలి కూడా వస్తుంది.'

ఊరు చదివింది, నిట్టూర్చింది, పాత లారీ స్టాండు దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళింది. గాలి దాకా వెళ్ళాడంటే పరిస్థితి మరీ విషమించిందన్నమాట.

అరబాకి ఆ భాష రాదు. ఆమె ఆ నాలుగు ముక్కల్నీ పదే పదే చదువుకుంది. బోర్డులు రాసే అతన్ని పిలిపించి, హోటలు పేరు కింద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో 'కుర్చీలు బాగున్నాయి – సెన్యో కుమోర్జీ' అని రాయించింది. రాసేవాడు హో మనిషే. కుంచె పట్టుకుని ఒక్క నిమిషం ఆగి, "ఇదే రాయమంటారా అమ్మా?" అని అడిగాడు. "ఇదే. అక్షరాలు లావుగా ఉండాలి," అంది అరబా. అతను లావుగానే రాశాడు.

బోర్డు చూడటానికి జనం వచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. లోపలికి వచ్చి కూర్చుని, వెనక్కి వాలి, చల్లని సోడా ఒకటి తాగి, "నిజమే, బాగున్నాయి," అని చెప్పి వెళ్ళిపోయారు. చర్చి మరమ్మతుల కమిటీ వాళ్ళు ప్రతి బుధవారం అక్కడే సమావేశం పెట్టుకుని సోడాలు తాగేవారు. అక్‌ప్లే మాత్రం ఎవరూ అడగలేదు. పొద్దున కలిపిన ముద్ద సాయంత్రానికి గట్టిపడి, మేకల పాలయ్యేది.

ఈ ఊళ్ళో జనం భోజనానికి ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నారనీ, తినడం తరవాత వస్తుందనీ అరబా నమ్మింది. ఈ లోపు సెన్యోని వదలలేదు. అతని మోటారు సైకిలు చప్పుడు వినబడితే చాలు, రోడ్డు మీదకి వచ్చి నిలబడేది.

"ఎఫో సెన్యో! నా హోటలు దాటి ఆకలితో పోతారా? రండి రండి. డబ్బులు తీస్తే ఊరుకోను."

ఎఫో అంటే అన్న. ఆ ఊరి వాళ్ళు పిలిచినట్టే పిలవాలని నేర్చుకుంది. ఆ పిలుపు విన్నాక సెన్యో బండి ఆపకుండా ఉండలేకపోయేవాడు. ఆమె పెట్టే ముద్ద రోజురోజుకీ పెద్దదైంది. వేరే దారిన పోదామంటే ఆ నెల అతని మీటర్లన్నీ ఆ చుట్టుపక్కలే.

ఒక సాయంత్రం ఇంట్లో జిగ్‌బోర్డి అన్నం వడ్డిస్తే వద్దన్నాడు. ఆమె ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సు. మొగుణ్ణి మంచం మీద పడుకోబెట్టి, రోగుల్ని చూసినట్టే రెండు చేతులతో పొట్ట నొక్కి చూసింది.

"ఎన్నో నెల?" అంది.

"జోకులెయ్యకు. అరబా అక్‌ప్లే."

"మళ్ళీనా? మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నీకు నిజంగానే వచ్చింది."

"పాపం, అంత ప్రేమగా పెడుతుంటే ఎలా వద్దంటాను?"

"బాగాలేదమ్మా అని చెప్పు. అయిపోతుంది."

"అంత మాట ఎలా అంటాను?"

"నోటితో. నా పని కూడా నీలాగే చేస్తే ఈ ఊళ్ళో పిల్లలు పుడతారా? 'అమ్మా, మీ మంచం బాగుంది, గాలి కూడా వస్తోంది' అనుకుంటూ కూర్చుంటే?"

సెన్యో ప్రయత్నించాడు. మర్నాడు అక్‌ప్లే ముందు కూర్చుని, ఇక్కడి బెండకాయకీ సముద్రం వైపు బెండకాయకీ కాస్త తేడా ఉంటుందేమోనని అన్నాడు. అరబా ఎంతో సంతోషించి, తరవాతి వారం టకొరాడీ నుంచి బస్సులో బెండకాయలు తెప్పించింది. అవి దారిలో ముదిరాయి. ఇంకోసారి, పిండిని తెడ్డుతో ఎంత తిప్పితే అంత మంచిదని మా అమ్మ అనేదని చెప్పాడు. "మీ అమ్మగారిది చల్లని చెయ్యి అయ్యుంటుంది," అని అరబా మరో ముద్ద వేసింది.

ఈ వ్యవహారం కొసీవా వల్ల బయటపడింది. మార్కెట్టు పక్కన కొసీవాకి హోటలుంది. అక్‌ప్లే అంటే హోలో ఆమె పేరే చెబుతారు. ఆమె దగ్గర తినే వాళ్ళు ఈ మధ్య, "కుర్చీలు ఎప్పుడు తెప్పిస్తావు?" అని ఆటపట్టించడం మొదలుపెట్టారు. వినీ వినీ విసుగెత్తి, ఆ కుర్చీల సంగతేమిటో చూద్దామని ఒక మధ్యాహ్నం పాత లారీ స్టాండు దారికి వెళ్ళింది. కూర్చుంది. అక్‌ప్లే అడిగింది. సెన్యో తరవాత అక్‌ప్లే అడిగిన మొదటి మనిషి కావడంతో అరబా స్వయంగా వడ్డించింది. కొసీవా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్ళెం పక్కకి జరిపింది.

"అక్కా, నువ్వు మంచిదానిలా ఉన్నావు. ఆ బోర్డు దించెయ్," అంది.

"ఎందుకు?"

"ఈ ఊళ్ళో ఆ మనిషి కుర్చీని పొగిడాడంటే, పళ్ళెంలో ఉన్నదాన్ని పొగడలేకపోయాడని. అది ఇక్కడ మేకపిల్లకి కూడా తెలుసు."

అరబా స్టూలు తెచ్చుకుని, ఎక్కి, బోర్డు దించింది. దాన్ని వెనకవైపు నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టి, నడుముకి కట్టిన గుడ్డ బిగించుకుని, సెన్యోని వెతుక్కుంటూ బయల్దేరింది.

ఆ సమయానికి సెన్యో ప్రెస్బిటేరియన్ బడి గోడవారన బోర్లా పడుకుని, మీటరు గుంటలో చెయ్యి పెట్టి అద్దం మీద బురద తుడుస్తున్నాడు. తల దగ్గర రెండు కాళ్ళు కనిపించాయి.

"లే. లేచి నిలబడు," అంది అరబా.

మీరు పోయి నువ్వు వచ్చిందంటే సంగతి తెలిసిపోయిందని అర్థమైంది. సెన్యో లేచాడు. చొక్కా ముందంతా మట్టి.

"అమ్మా, నేను..."

"నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడితే గాలి బాగుందంటావు. ఒక్క మాట అడుగుతాను. నా ఎదుట చెప్పడానికి సిగ్గుపడ్డావు కదా, మరి ఊరందరికీ చెప్పడానికి సిగ్గు లేదా?"

సెన్యో ఈ విషయాన్ని గురించి ఎన్నడూ ఇలా ఆలోచించలేదు. తను ఎవరికీ ఏమీ చెప్పలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. బడి కిటికీల్లో పిల్లల తలలు లేచాయి.

"మీ మనసు నొచ్చుకుంటుందని..."

"నొచ్చుకునేదే. నొచ్చుకుని, ఒక పూట ఏడ్చి, మర్నాడు సరిచేసుకునేదాన్ని. ఇప్పుడు చూడు, నేను ఎర్ర రంగుతో రాయించుకున్నాను. డబ్బులిచ్చి మరీ." ఆమె నడుముకి కట్టిన గుడ్డ మళ్ళీ బిగించింది. "ఇప్పుడు చెప్పు. ఇక్కడే. నా అక్‌ప్లే ఎలా ఉంది?"

"కొంచెం..."

"కొంచెం ఏమిటి?"

"కొంచెం గట్టిగా..."

"ఆ 'కొంచెం' తీసెయ్."

సెన్యోకి చెమటలు పట్టాయి. కుక్క ఎదురైనప్పుడు కూడా అంత పట్టలేదు. కళ్ళు మూసుకుని, "ఉండలమ్మా. నోట్లో పిండి రాలుతుంది. గొంతు దిగదు. సూపు నీళ్ళలా ఉంటుంది. నెల నుంచీ నాకు రాత్రిళ్ళు కడుపులో రాయి పడ్డట్టు ఉంటోంది," అని ఒక్క ఊపిరిలో అనేసి, కళ్ళు తెరిచాడు.

అరబా కొట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. "నాకూ దిగదు," అంది.

"ఏమిటమ్మా?"

"అక్‌ప్లే. నాకు సయించదు. ఇక్కడికి వచ్చినప్పుడు మొదటిసారి తిన్నాను, అదే ఆఖరు. రుచి చూడకుండానే వండుతున్నాను."

"మరి ఎందుకు వండుతున్నారు?"

"మీ ఊరికి వచ్చి మీ తిండి కాదని నా తిండి అమ్మితే పొగరనుకోరా? మర్యాద కోసం వండాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బడిగంట కొట్టారు, కిటికీల్లో తలలు మాయమయ్యాయి.

"మరి మీరేం తింటారమ్మా?" అని అడిగాడు సెన్యో, ఆమె వెళ్ళబోతుంటే.

"వెనక గదిలో నాకోసం ఏదో వండుకుంటాను. రేపు రా. డబ్బులు తెచ్చుకో."

మర్నాడు వెళ్ళాడు. అరటాకులో చుట్టి ఉడికించిన పులిసిన మొక్కజొన్న ముద్ద, కెంకె, పెట్టింది. పక్కన మట్టి మూకుట్లో కేటా తీరం నుంచి పొద్దున వచ్చిన చేప, ఎర్ర పామాయిల్లో, ఉల్లిపాయా పండుమిరపకాయా వేసి వండింది. చేపని ఎక్కువ తిప్పలేదు. ముక్క ముక్కగానే ఉంది, వేలు తగిలితే విడిపోయింది. సెన్యో మొదటి ముద్దకి ఆగాడు. రెండో ముద్దకి టోపీ తీసి పక్కన పెట్టాడు. ముక్కు కారింది, తుడుచుకున్నాడు. మూకుడు అడుగు కనిపించాక, ఇంకా ఉందా అని అడిగాడు. అతను ఎక్కడా అలా అడిగి ఎరగడు. అరబా అతని మొహం వైపే చూస్తూ కూర్చుంది. ఎలా ఉందని అడగలేదు.

ఆ మధ్యాహ్నం సెన్యో బండి మీద కూర్చుని చాలాసేపు ఫోను పట్టుకున్నాడు. చివరికి ఇలా రాశాడు: 'అరబా హోటల్లో అక్‌ప్లే బాగాలేదు. తినకండి. ఆమెకి కూడా అది ఇష్టం లేదు. ఆమె తనకోసం వండుకునే చేపల కూర అడగండి.'

ఊరు కంగారు పడింది.

సాయంత్రానికి క్పాండో నుంచి చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, ఒంట్లో బాగుందా? వదినని పిలువు," అంది. పాస్టరు ఇంటికి వచ్చి, అడక్కుండానే ప్రార్థన చేసి వెళ్ళాడు. ఆఫీసులో పెద్దాయన పక్కకి పిలిచి, సెలవు కావాలంటే తీసుకోమన్నాడు. 'బాగాలేదు' అన్న మాటకి అర్థమేమిటని ఫేస్‌బుక్కులో పెద్ద చర్చ నడిచింది. గాలి బాగుందంటేనే తిండి అంత ఘోరమైనప్పుడు, తిండి బాగాలేదంటే ఏమనుకోవాలి? కాలేజీలో తర్కం చెప్పే పంతులొకాయన తేల్చేశాడు: ఇన్నేళ్ళలో చెడ్డ మాట రాయని మనిషి ఇప్పుడు రాశాడంటే, అక్‌ప్లే ఎంత బాగుందో, జనం ఎగబడితే తనకి మిగలదని దాచుకుంటున్నాడు.

మర్నాడు పన్నెండు కాకముందే అరబా హోటలు నిండిపోయింది.

"చేపల కూర ఉంది, కెంకె ఉంది," అంది అరబా.

"వద్దమ్మా. అక్‌ప్లే పెట్టండి. ఆ బాగాలేనిది," అన్నారు జనం.

"నిజంగానే బాగోదు నాయనా!"

"తెలుసమ్మా తెలుసు," అని వాళ్ళు కళ్ళు చికిలించి నవ్వారు.

చేసేది లేక కలిపింది. వాళ్ళు వీపులు ఆనించి కూర్చుని, ఉండల్ని నెమ్మదిగా నములుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిన్నారు. పంతులుగారు ఒక ఉండని చాలాసేపు నమిలి, "మొదట్లో తెలియదు. లోతుగా ఉంది," అన్నాడు. పక్కవాడు తలాడించాడు. ఎవరికి వారే ఆ రుచి తమకి తప్ప అందరికీ తెలిసిందనుకున్నారు. రెండోసారి వడ్డించమన్నవాళ్ళు కూడా ఉన్నారు.

అరబా సెన్యోకి ఫోను చేసింది. "నీ ఊరి వాళ్ళకి ఏమైనా జబ్బా? పిండి అయిపోయింది, ఇంకా రమ్మంటున్నారు. ఏం రాశావు నువ్వు?"

"మీరు చెప్పమన్నదే రాశానమ్మా."

"మళ్ళీ రాయకు."

కొన్ని రోజులు ఇలాగే సాగింది. చివరికి ఒక మధ్యాహ్నం, కోకో వ్యాపారం చేసి మానేసిన ముసలాయన ఒకడు, సగం తిన్న పళ్ళెం బల్ల మీద ధభీమని పెట్టి, "ఇది నిజంగానే బాగాలేదు," అని గట్టిగా అన్నాడు. పంతులుగారు నమలడం ఆపాడు. తరవాత మూలన ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అది అంటుకుని బల్ల బల్లకీ పాకింది. నీళ్ళు తాగుతున్నవాడికి పొలమారింది. పంతులుగారు మాత్రం నవ్వకుండా, "ఆ చేపలది తీసుకురండమ్మా," అన్నాడు. ఆ సాయంత్రం నుంచి అరబా హోటల్లో అక్‌ప్లే లేదు. చేపల కూర మాత్రం మూడింటికల్లా అయిపోయేది.

సెన్యోకి మాత్రం రోజులు బాగాలేవు. అతను ఏం రాసినా జనం ఇప్పుడు రెండు అర్థాలూ తీసి పోట్లాడుకునేవారు. కొన్ని హోటళ్ళ వాళ్ళు అతన్ని చూడగానే, వంట ఇంకా కాలేదని తలుపు దగ్గరే చెప్పేసేవారు. జిగ్‌బోర్డి అతనికి డబ్బా కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. "దీని గురించి ఎక్కడా రాయకు," అని మూత బిగించి మరీ ఇచ్చేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక అరబా అతన్ని ఆపింది.

"నన్ను కొసీవా హోటలుకి తీసుకెళ్ళు. నన్ను బోర్డు దించమన్న మనిషి ఎలాంటి అక్‌ప్లే వండుతుందో చూడాలి."

వెళ్ళారు. కొసీవా ఇద్దరికీ పొగలు కక్కే ముద్దలు పెట్టి, ఎండ్రకాయలు వేసిన బెండకాయ సూపు పోసింది. సెన్యో తుంచిన చోట ముద్ద వెన్నలా విడిపోయింది. అరబా కూడా తుంచింది, ముంచింది, మింగింది. ఇంకోసారి తిని చూసింది. కొసీవా చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉందక్కా?"

స్టూలు కింద సెన్యో కాళ్ళు వాటంతటవే బయటి వైపు తిరిగాయి.

"నున్నగా ఉంది, ఉండలు లేవు, ఎండ్రకాయ బ్రహ్మాండం," అంది అరబా. "కానీ నాకు నచ్చలేదు. ముద్ద చప్పగా ఉంది. పులుపు లేదు. మీరు దీన్ని పిచ్చిగా ఎందుకు తింటారో నాకు అర్థం కాదు."

పక్క బల్ల వాళ్ళు తలలు తిప్పారు. కొసీవా ఒక్క క్షణం ఆమెని ఎగాదిగా చూసింది. తరవాత కాలితో ఒక స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"చప్పగా ఉందా? పిండిని కుళ్ళబెట్టి ఆకులో చుట్టి తినేవాళ్ళకి చప్పగానే ఉంటుంది మరి."

"కుళ్ళబెట్టడమా? పులియబెట్టడం! మూడు రోజులు ఓపిక పట్టాలి దానికి. మీకు ఓపికేదీ?"

"ఓపికా? నువ్వా నాకు ఓపిక గురించి చెప్పేది? తెడ్డు తిప్పడం రాని దానివి..."

"రాదు కాబట్టే మానేశాను. నువ్వు చేపని ముట్టుకుని చూడు, అప్పుడు తెలుస్తుంది..."

కొసీవా వంటింటి వైపు తిరిగి ఇంకో గిన్నె సూపు తెమ్మని కేకేసింది. అరబా ఎండ్రకాయ కాలు విరిచి, దాంతో ఆమె వైపు చూపిస్తూ ఏదో అంటోంది. బయట వాన పెద్దదైంది. సెన్యో తన ముద్ద ముగించాడు, ఇద్దరి భోజనానికీ డబ్బులు గిన్నె కింద పెట్టి, వెళ్ళొస్తానని చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ వినలేదు. చూరు కింద నిలబడి కాసేపు వాన చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు, మళ్ళీ లోపల పెట్టేశాడు. టోపీ నెత్తిన పెట్టుకుని, తడుస్తూనే బండి దగ్గరికి నడిచాడు.